మిర్యాలగూడ బియ్యం, చిన్నపేగు, పిల్లల బరువు

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలిన తరువాత పాత నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల సేద్యమే కాక అక్కడి కంచంలోని తిండి కూడా మారిపోయింది. అంతకుముందు మెట్టచేలలో పండిన జొన్న, సజ్జ ఆ ఇళ్లలో గటకగానో, రొట్టెగానో, అంబలిగానో పూటపూటా కడుపు నింపేవి. వరి అన్నం చాలా కుటుంబాలకు పండుగనాటి భోజనం, చుట్టం వచ్చిన నాటి భోజనం. కాలువ పారిన తరువాత మాగాణి విస్తరించి, మిర్యాలగూడ దేశంలోని పెద్ద బియ్యం మిల్లుల కేంద్రాలలో ఒకటిగా ఎదిగింది. మూసీ నీరు అందిన సూర్యాపేట పరిసరాలు కూడా ఆ దారిలోనే నడిచాయి. రేషన్ కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇచ్చే పథకం 2025 ఉగాది నాడు, అంటే మార్చి 30న, హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. పిల్లలు ఆకలితో పడుకోవలసిన అవసరం తగ్గడం ఏ కొలతతో చూసినా గొప్ప సంగతి, దానిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే ఆ అన్నానికి తోడుగా ఉదయం చక్కెర చాయ్‌లో రస్కు, బడి సంచిలో 5 రూపాయల బిస్కెట్ పొట్లం, సాయంత్రం బేకరీ తినుబండారం, హైవే పక్కన కూల్‌డ్రింక్ వచ్చి చేరాయి. ఫలితంగా ఎదిగే పిల్లల చిన్నపేగు మీద పడే చక్కెర భారం ఎంతో పెరిగింది.

పిల్లల ఊబకాయం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట నోటి చాపల్యం మీదికో, ఒళ్లు వంచని బద్ధకం మీదికో మళ్లుతుంది. తిన్నది ఒంటబట్టే చోటు చిన్నపేగు అయినా దాని పనితీరును పట్టించుకునేవారు తక్కువ. ఆరోగ్యవంతుడైన పిల్లవాడి చిన్నపేగు తన వద్దకు వచ్చిన గ్లూకోజ్‌ను దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది. శరీరానికి ఇది చాలు, ఇక వద్దు అని వెనక్కి పంపే ఏర్పాటు దానికి లేదు. ఆకలి కాలాల్లో మనిషిని బతికించిన ఈ గుణం చేతనే, ఏ రూపంలో ఉన్న పిండిపదార్థం ఎంత వేగంగా పేగును చేరుతున్నదన్న ప్రశ్న పిల్లల బరువు విషయంలో ఇంత ముఖ్యమవుతున్నది.

ఇక్కడ ఊబకాయం అన్న మాటకు హద్దు చెప్పుకోవడం అవసరం. కిలోలలో తూచిన బరువును, మీటర్లలో కొలిచిన ఎత్తును ఎత్తుతోనే గుణించగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే వచ్చేది శరీర ద్రవ్య సూచిక. పెద్దలకు దీని హద్దులు స్థిరంగా ఉంటాయి గాని, పిల్లల్లో ఈ సూచిక వయసుతో పాటు మారుతుంది కనుక ఏడేళ్ల పాపకు, పదిహేనేళ్ల అబ్బాయికి ఒకే అంకె వర్తించదు. అందుకే భారతీయ శిశువైద్యుల సంఘం 5 నుంచి 18 ఏళ్ల వారి కోసం 2015లో సవరించిన ఎదుగుదల పటాలలో, పెద్దలలో 23కు సరితూగే గీతను అధిక బరువుకు, 27కు సరితూగే గీతను ఊబకాయానికి హద్దులుగా పెట్టింది. పాశ్చాత్య దేశాలలో పెద్దలకు వాడే 25, 30 కంటే ఇవి తక్కువ. భారతీయుల శరీరంలో తక్కువ బరువు వద్దనే కొవ్వు పాలు ఎక్కువగా ఉండటం దీనికి కారణం.

అన్నం ముద్ద నోట్లో పడిన క్షణం నుంచే దానిలోని పిండి విడిపోవడం మొదలవుతుంది. పిండి అంటే వేలాది గ్లూకోజ్ అణువులు గొలుసులుగా అల్లుకున్న పదార్థం. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ గొలుసులను తుంచడం ఆరంభిస్తే, క్లోమగ్రంథి నుంచి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి వచ్చే అమైలేజ్ మిగిలిన పని చాలావరకు పూర్తిచేసి, రెండు మూడు గ్లూకోజ్‌లున్న తునకలను మిగులుస్తుంది. పెద్దవారిలో దాదాపు 6 మీటర్ల పొడవుండే చిన్నపేగు లోపలి గోడ నునుపుగా ఉండదు. దాని మడతల మీద ఆంత్రచూషకాలు అనే సన్నని వేళ్లవంటి పొడవాటి ఎగుడులు, వాటిని కప్పిన ఒక్కొక్క కణం మీద మళ్లీ వేలాది సూక్ష్మచూషకాలు ఉండటం వల్ల, పీల్చుకునే వైశాల్యం దాదాపు 30 చదరపు మీటర్లకు చేరుతుంది. ఈ సూక్ష్మచూషకాల అంచునే చివరి కోత జరుగుతుంది: మాల్టేజ్ పిండి తునకలను గ్లూకోజ్‌గా, లాక్టేజ్ పాలలోని చక్కెరను గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా, సుక్రేజ్ మామూలు పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడతాయి. ఇలా ఒంటరి అణువుగా మారిన చక్కెర మాత్రమే పేగు కణంలోకి ప్రవేశించగలదు.

ఆ ప్రవేశానికి కణపు పొరలో వాహక ప్రోటీన్లు ఉంటాయి. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే ప్రధాన వాహకం పేరు ఎస్‌జీఎల్‌టీ-1. ఇది రెండు సోడియం అయాన్లతో జతకట్టించి ఒక గ్లూకోజ్ అణువును కణంలోకి లాగుతుంది. కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉండేలా మరొక పంపు పనిచేస్తూ ఉండటం వల్ల, పేగులో గ్లూకోజ్ చివరికి కొద్దిపాటిగా మిగిలినా ఈ వాహకం దానిని వదలక లాక్కోగలదు. సోడియం, గ్లూకోజ్‌ల ఈ జంట ప్రయాణాన్ని అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్ 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో ప్రతిపాదించారు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఊరి ఆశా కార్యకర్త చేతికిచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది: ఉప్పు, గ్లూకోజ్ సరైన పాళ్లలో కలిస్తే రెండూ కలిసి పేగు కణంలోకి వెళ్తూ తమ వెంట నీటిని కూడా తీసుకుపోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ బృందం ఈ ద్రావణంతోనే వేలమందిని బతికించింది. ఆ ప్రాణదానం చేసిన వాహకమే, కూల్‌డ్రింక్ సీసాలోని గ్లూకోజ్‌ను కూడా అంతే సమర్థంగా లోపలికి చేరుస్తుంది.

ఫ్రక్టోజ్ దారి వేరు. గ్లూట్-5 అనే వాహకం సోడియం సాయం లేకుండా దానిని లోపలికి తెస్తుంది. దీని శక్తి పరిమితం, పసిపిల్లల్లో మరీ తక్కువ, అందుకే పండ్లరసం ఎక్కువగా తాగిన చిన్నపిల్లలకు కడుపు ఉబ్బి నీళ్లవిరేచనాలు అవుతుంటాయి. ఎలుకల మీద 2018లో అమెరికాలో జరిగిన పరిశోధన ప్రకారం, కొద్దిపాటి ఫ్రక్టోజ్‌ను చిన్నపేగే గ్లూకోజ్‌గా మార్చివేస్తుంది గాని, మోతాదు మించితే మిగిలినది నేరుగా కాలేయానికి చేరి అక్కడ కొవ్వుగా మారడానికి దారి తీస్తుంది. అంటే ఒక జామపండులో పీచుతో కలిసి నింపాదిగా వచ్చే ఫ్రక్టోజ్‌ను, ఒక్క గుక్కలో దిగే తీపి పానీయంలోని ఫ్రక్టోజ్‌ను శరీరం ఒకేలా చూడదు. 2021లో వెలువడిన మరొక ఎలుకల పరిశోధనలో, ఫ్రక్టోజ్ అధికంగా తిన్న ఎలుకల ఆంత్రచూషకాలు 25 నుంచి 40 శాతం పొడవుగా పెరిగి, ఆహారాన్ని మరింతగా పీల్చుకోవడం కనిపించింది.

వేగం ఎందుకు ముఖ్యమో అంకెలలో చూస్తే స్పష్టమవుతుంది. 70 కిలోల పెద్దమనిషి రక్తమంతటిలో కలిపి ఏ క్షణాన చూసినా తిరుగాడే గ్లూకోజ్ సుమారు 4 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. పిల్లల్లో ఇది ఇంకా తక్కువ. మామూలు కూల్‌డ్రింక్‌లో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది కనుక 250 మిల్లీలీటర్ల చిన్న సీసా ఆరు చెంచాలకు పైగా చక్కెరను, నమలవలసిన పని కూడా లేకుండా, నిమిషాలలో ఆంత్రమూలంలో దించుతుంది. కాలువ కింది రైతుకు తూము ఎంత ఎత్తితే చేను ఎలా తడుస్తుందో తెలుసు. అదే నీరు ఒక్కసారిగా వదిలితే గట్టు తెగుతుందనీ తెలుసు. పేగు పైభాగంలోనే ఒక్కసారిగా పీల్చబడిన గ్లూకోజ్ జీఐపీ అనే హార్మోన్‌ను, దాని ప్రేరణతో ఇన్సులిన్‌ను ఉధృతంగా విడుదల చేయిస్తుంది. ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కండరాలకు, కాలేయానికి తరలించడమే కాక, కొవ్వు కణాలు కొవ్వును నిల్వచేసుకునేలా, ఉన్న కొవ్వు కరగకుండా ఉండేలా చేస్తుంది. పిండిపదార్థం నింపాదిగా విడిపోతూ పేగు కిందిభాగం దాకా వెళ్తే అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే మరొక హార్మోన్‌ను విడుదల చేసి కడుపు నిండిందన్న తృప్తిని మెదడుకు అందిస్తాయి. అన్ని కెలోరీలూ ఒకే లెక్క అన్న వాదం ఇక్కడే బలహీనపడుతుంది.

పేగు తనకు వచ్చే తిండిని బట్టి తనను మార్చుకుంటుందన్న సంగతి గొర్రెల ద్వారా బయటపడింది. సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుపుకునే గొల్లకురుమల సీమలో ఈ ఉదాహరణ వెంటనే అర్థమవుతుంది. పాలు తాగే గొర్రెపిల్ల పేగులో ఎస్‌జీఎల్‌టీ-1 సమృద్ధిగా ఉంటుంది. అది పాలు మాని గడ్డి మేయసాగిన తరువాత, మేత అంతా నెమరు పొట్టలోనే పులిసి చక్కెర పేగు దాకా రాదు కనుక, ఆ వాహకం దాదాపు మాయమవుతుంది. బ్రిటన్ శాస్త్రవేత్త సొరాయా షిరాజీ-బీచీ బృందం ఎదిగిన గొర్రెల పేగులోకి నేరుగా గ్లూకోజ్ ద్రావణాన్ని పంపినప్పుడు కొద్ది రోజులకే ఆ వాహకం మళ్లీ భారీగా పుట్టుకొచ్చింది. చక్కెర రాకను పసిగట్టేది పేగు కణాల్లో ఉండే తీపి గ్రాహకాలని తరువాతి పరిశోధనలు చూపాయి. మనుషులలో చూస్తే, 2015లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు తీవ్ర ఊబకాయం ఉన్న పెద్దల ఆంత్రమూలంలో ఎస్‌జీఎల్‌టీ-1 ఎక్కువగా ఉండటాన్ని, సన్ననివారి కంటే వారు గ్లూకోజ్‌ను వేగంగా పీల్చుకోవడాన్ని గుర్తించారు. కనుక లావుగా ఉన్న పిల్లవాడిని, ఆ పక్కనే కూర్చుని అంతే తిన్న సన్నని పిల్లవాడితో పోల్చి తిండిపోతని వెక్కిరించడం అమానుషమే కాదు, అశాస్త్రీయం కూడా.

పీల్చుకోవడం తగ్గితే బరువు తగ్గుతుందా అన్న ప్రశ్నకు ప్రకృతే కొన్ని జవాబులు సిద్ధం చేసింది. తరతరాలుగా చేప, సీల్ మాంసాలతో బతికిన గ్రీన్‌లాండ్ ప్రజలలో కొద్దిమందికి సుక్రేజ్ ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయదు. 2022లో ప్రచురితమైన అధ్యయనంలో అటువంటి పెద్దవారి బరువు, శరీర కొవ్వు ఇతరులకంటే తక్కువగా తేలాయి. అమెరికాలో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఆధారంగా 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఎస్‌జీఎల్‌టీ-1 కొంత మందకొడిగా పనిచేసే జన్యువు ఉన్నవారిలో ఊబకాయం, మధుమేహం తక్కువ. అయితే ఇదే లోపం పూర్తిగా ఉన్న శిశువులకు తల్లిపాలు కూడా ప్రాణాంతకమైన విరేచనాలు తెస్తాయి. సుక్రేజ్ లేని పిల్లలకు తీపి తిన్నప్పుడల్లా కడుపునొప్పి తప్పదు. పీల్చబడని చక్కెర పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవుల చేత పులిసి గ్యాసు, నీళ్లవిరేచనాలుగా మారుతుంది. పెద్దల మధుమేహానికి వైద్యులు రాసే అకార్బోజ్ మాత్ర చేసేది ఈ ఎంజైమ్‌లను నెమ్మదింపజేయడమే. ఎదిగే పిల్లలకు ఈ మాత్రను గాని, చక్కెరను పీల్చుకోనివ్వదన్న పేరుతో అమ్మే పొడపత్రి వంటి పొడులను గాని ఇంట్లో సొంతంగా ఇవ్వడం తప్పు. పేగు పనిని అడ్డుకోవడం కాదు కావలసింది, పేగుకు చేరే తిండి రూపాన్ని మార్చడం.

ఆ రూపం మిల్లులో కూడా తయారవుతుంది. వడ్ల మీది ఊక పోయిన తరువాత మిగిలేది ముడి బియ్యం. దాని మీద ఉన్న లేత గోధుమ రంగు పొరే తవుడు. పాలిష్ రాళ్లు ఆ పొరను చెక్కివేసిన కొద్దీ గింజ తెల్లబడుతుంది, పీచు, బి విటమిన్లు తవుడుతో పాటు నూనె కర్మాగారాలకు వెళ్తాయి. అయితే గింజలోని పిండి స్వభావం పాలిష్ కన్నా ఎక్కువ ప్రభావం చూపుతుంది. పిండిలో అమైలోజ్ అనే నిలువు గొలుసులు, అమైలోపెక్టిన్ అనే కొమ్మలు వేసిన గొలుసులు ఉంటాయి. అమైలోజ్ పాలు ఎక్కువైతే ఎంజైమ్‌లకు గింజ ఆలస్యంగా లొంగుతుంది. ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో, గ్లూకోజ్‌ను 100గా పెట్టుకుని లెక్కించే కొలతే గ్లైసీమిక్ సూచిక. 55, అంతకు తక్కువైతే తక్కువగా, 70, అంతకు మించితే ఎక్కువగా పరిగణిస్తారు. హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అనగా తెలంగాణ సోనా, ఈ కొలతలో 51 దగ్గర నిలిచింది. యాసంగి వడ్లు ఎండకు పగిలి నూకలవుతాయని మిర్యాలగూడ మిల్లులు వాటిని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యంగా మార్చి ఇతర రాష్ట్రాలకు పంపుతుంటాయి. ఉప్పుడు బియ్యం కూడా సాధారణంగా పచ్చిబియ్యం కన్నా నిదానంగా అరుగుతుందన్నది, దానిని ఇష్టపడని ఇక్కడి ఇళ్లు ఆలోచించవలసిన విషయం. ఎంత మంచి రకమైనా కంచం నిండా అన్నం, పైన నాలుగు చుక్కల చారు అయితే ఫలితం ఉండదు.

తోడు పదార్థాలు కూడా పేగులో వేగాన్ని నిర్ణయిస్తాయి. తెలంగాణ సంతల్లో చవకగా దొరికే గోరుచిక్కుడు గింజలోని జిగురు, మెంతులలోని జిగురు ఒకే జాతి పీచు. అవి పేగులో చిక్కని ద్రవంగా మారి గ్లూకోజ్ గోడను చేరడాన్ని ఆలస్యం చేస్తాయి. మెంతులు మధుమేహుల రక్తంలో చక్కెరను తగ్గించడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే 1990 ప్రాంతంలో పరీక్షించి ప్రకటించారు. పప్పు, గుడ్డు, కూర ముందు తిని అన్నం తరువాత తింటే చక్కెర పెరుగుదల తగ్గుతుందని పెద్దలపై జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. వండి చల్లారిన అన్నంలో కొంత పిండి మళ్లీ గట్టిపడి ఎంజైమ్‌లకు లొంగని రూపం పొందుతుంది, కనుక రాత్రి అన్నంలో సల్ల పోసి పొద్దున్నే తినే సద్దికి, రస్కుతో కూడిన తీపి చాయ్ కన్నా పిల్లల కడుపులో స్థానం ఎక్కువ ఉండవలసింది.

బరువు తక్కువగా పుట్టిన పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం జరిపిన అధ్యయనంలో నవజాత శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులది 3.5 కిలోలు; ఈ పల్లె శిశువులలో కండ, ఎత్తు తగ్గినా చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపించినా లోపల కొవ్వున్న ఆ బిడ్డ తరువాత వేగంగా లావెక్కితే ఇన్సులిన్ సరిగా పనిచేయని స్థితికి త్వరగా చేరుతుంది. దీనికి మరో వైపు హైదరాబాద్ సమీప గ్రామాల్లో తేలింది. 1987 నుంచి 1990 వరకు 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా అదనంగా పెట్టారు; ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షిస్తే, పోలిక కోసం ఎంచుకున్న గ్రామాల పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ ఉన్నారు, కొవ్వు మాత్రం పెరగలేదు, ఇన్సులిన్‌కు శరీరం చూపే నిరోధం 20 శాతం తక్కువగా ఉంది. 2008లో వెలువడిన ఈ ఫలితాలు, అంగన్‌వాడీలో మాంసకృత్తులతో కూడిన భోజనం పెట్టడం దండగ ఖర్చు అనేవారికి గట్టి జవాబు.

2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశంలోని కౌమార వయస్కులలో 5 శాతం అధిక బరువుతో ఉండగా, మధుమేహానికి ముందు దశలో ఉన్నవారు 10 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది: చక్కెర తేడా వచ్చిన పిల్లలందరూ లావుగా ఉండరు, కనుక తూకం ఒక్కటే చాలదు. ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. పిల్లవాడి ఎత్తుకు సరిపడా దారం తీసుకుని, దానిని సగానికి మడిచి, నడుము చుట్టూ చుట్టి చూడాలి. కొసలు కలవకపోతే పొట్టలో కొవ్వు పేరుకుంటున్నట్టు. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మందంగా మారితే అది మురికి అనుకుని పీచుతో రుద్దే తల్లులు ఎందరో. అది చాలాసార్లు రక్తంలో ఇన్సులిన్ అధికంగా ఉందని చర్మం చూపే గుర్తు, రుద్దితే పోదు.

ఈ రెండింటిలో ఏది కనిపించినా, 2019లో మొదలైన సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రులకో తీసుకువెళ్లి పరగడుపు రక్తపరీక్ష, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, వైద్యుడిని అడిగి ఎదుగుదల పటంలో గీత గీయించుకోవాలి. పాఠశాలలకు వస్తే, ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో తెలిపే పట్టికలు గోడకు పెట్టాలని 2025 మేలో సీబీఎస్‌ఈ తన పాఠశాలలను ఆదేశించింది. రాష్ట్ర బోర్డు బడులకు, గురుకులాలకు, ఇంటర్ వసతి గృహాలకు కూడా ఆ పట్టిక అంతే అవసరం. దాని పక్కనే బడి ప్రహరీ అవతల దుకాణంలో అమ్మే సీసాల పేర్లు, వాటిలోని చక్కెర చెంచాల లెక్క తెలుగులో రాసి పెడితే, పిల్లలు పొట్లం చింపే ముందే చదువుకోగలరు.